పేరు మీద ఒకే ఒక్క ఆల్బమ్

జాజ్ అనగానే మనలో చాలామందికి ట్రంపెట్, సాక్సోఫోన్ గుర్తొస్తాయి. కాస్త విన్నవాళ్లు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, మైల్స్ డేవిస్ పేర్లు చెప్తారు. ట్రాంబోన్ అంటే మాత్రం సగంమంది ఫోన్ తీసి బొమ్మ వెతుక్కోవాల్సిందే. ఆ ట్రాంబోన్‌నే పట్టుకుని, దాదాపు అందరూ మగవాళ్లే ఉన్న బ్యాండ్లలో కూర్చుని, యాభై ఏళ్లకు పైగా సంగీతంలో బతికిన మనిషి మెల్బా లిస్టన్. ఆమె రాసిన స్వరాలు వాయించినవాళ్ల లిస్టు తీస్తే జాజ్ చరిత్రలో సగం పేర్లు అందులోనే కనిపిస్తాయి. కానీ ఆమె సొంత పేరు మీద బ్యాండ్ లీడర్‌గా వచ్చిన ఆల్బమ్ ఒక్కటంటే ఒక్కటే. ఈ నెల ఆ ఆల్బమ్ గురించీ, అది చేసిన మనిషి గురించీ చెప్పుకుందాం.

ముందు వాయిద్యం సంగతి

ట్రాంబోన్ అంటే సుమారు 2.7 మీటర్ల పొడవున్న ఇత్తడి గొట్టం, మడతలు పెట్టి ఉంటుంది. ట్రంపెట్‌కి ఉన్నట్టు నొక్కడానికి మీటలుండవు. కుడిచేత్తో ఒక స్లైడ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ గొట్టం పొడవు మారుస్తారు. గొట్టం పొడవు పెరిగితే స్వరం కిందికి దిగుతుంది. ఈ స్లైడ్‌కి ఏడు స్థానాలుంటాయి, కానీ వాటి మీద గుర్తులేమీ ఉండవు. వీణకి మెట్లుంటాయి, వయొలిన్‌కి ఉండవు కదా? ఈ విషయంలో ట్రాంబోన్ వయొలిన్‌కి చుట్టం. చెయ్యి ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి. ఒక్క సెంటీమీటర్ తేడా వచ్చినా అపస్వరం అందరికీ వినిపిస్తుంది.

దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. స్వరం నుంచి స్వరానికి జారుడుగా వెళ్లొచ్చు. మన గమకాలకు అలవాటుపడిన చెవికి ట్రాంబోన్ కొత్తగా అనిపించకపోవడానికి అదే కారణమని నా ఊహ. కష్టం ఎక్కడంటే, వేగంగా వాయించాలన్నప్పుడు. మిగతావాళ్లు వేలు కదిపితే సరిపోయే చోట ట్రాంబోన్ వాయించేవాళ్లు చెయ్యంతా కదపాలి. ఏడో స్థానం అందాలంటే చెయ్యి పూర్తిగా చాచాలి. చిన్నపిల్లలకు అసలు అందదు.

అందని చెయ్యి

మెల్బా 1926 జనవరి 13న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కాన్సస్ సిటీలో పుట్టింది. ఏడేళ్ల వయసులో వాయిద్యాలు అమ్మేవాళ్లు వచ్చినప్పుడు వాటి మధ్యలో ట్రాంబోన్ కనిపించింది. అది ఎలా మోగుతుందో కూడా ఆమెకి తెలీదు. చూడ్డానికి అందంగా ఉందని, అదే కావాలంది. అంత చిన్నపిల్లకి అంత పెద్ద వాయిద్యమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అయినా ఇంట్లో కొనిచ్చారు.

చెయ్యి అందలేదు. దూరపు స్థానాలు అందుకోవడానికి తలని ఒక పక్కకి తిప్పి, ఒళ్లు వంచి వాయించేది. టీచర్ కుదరలేదు. చాలావరకు చెవితోనే నేర్చుకుంది, తాతయ్య సాయం చేశాడు. ఎనిమిదేళ్లకే స్థానిక రేడియోలో సోలో వాయించింది.

1937లో కుటుంబం లాస్ ఏంజిలిస్‌కి మారింది. అక్కడ ఆల్మా హైటవర్ అనే టీచర్ దొరికింది. ఆ ఊళ్లో నల్లజాతి పిల్లలకు సంగీతం నేర్పి, వాళ్లతో బ్యాండ్ నడిపిన మనిషి ఆమె. తర్వాత బాగా పేరు తెచ్చుకున్న సాక్సోఫోన్ వాద్యకారుడు డెక్స్‌టర్ గోర్డన్‌తో స్నేహం కూడా ఆ ఊళ్లోనే మొదలైంది. 1942లో, పదహారేళ్ల వయసులో, మెల్బా లింకన్ థియేటర్ బ్యాండ్‌లో ఉద్యోగంలో చేరింది. అంటే మనం ఇంటర్ పుస్తకాలు మోస్తున్న వయసులో ఆమె జీతం తీసుకునే మ్యుజీషియన్. అక్కడే బ్యాండ్‌కి పాటలు కూర్చి రాయడం మొదలుపెట్టింది.

ఆ మరుసటి సంవత్సరం జెరాల్డ్ విల్సన్ అనే ట్రంపెట్ వాద్యకారుడి పెద్ద బ్యాండ్‌లో చేరింది. విల్సన్ స్వయంగా మంచి అరేంజర్. ఆయన పక్కన ఉండి ఆమె నేర్చుకున్నది చాలా ఉంది. 1947లో డెక్స్‌టర్ గోర్డన్ తన రికార్డింగ్‌కి ఆమెను పిలిచాడు. ఆమె కోసమే 'మిస్చివస్ లేడీ' అనే ముక్క కూర్చాడు. ఇంత పరిచయం ఉన్నా సోలో వాయించడమంటే మెల్బాకి బిడియమే. ముందుకొచ్చి నిలబడటం కన్నా వెనక కూర్చుని రాయడమే ఆమెకి ఇష్టం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అరేంజర్ అంటే ఎవరు?

మన సినిమా పాటతో చెప్పుకుంటే తేలిక. ట్యూన్ ఒకరు కడతారు. పల్లవి అయ్యాక వయొలిన్లు ఎక్కడ రావాలి, ఫ్లూట్ ఎంతసేపు ఉండాలి, గాయని గొంతు వెనక ఏ వాయిద్యం ఏ స్వరం పట్టుకోవాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని ప్రతి వాయిద్యానికీ విడివిడిగా కాగితం మీద రాయాలి. ఆ పని అరేంజర్‌ది. పాట హిట్టయితే సంగీత దర్శకుడి పేరు, పాడినవాళ్ల పేరు అందరికీ తెలుస్తాయి. అరేంజర్ పేరు టైటిల్స్‌లో వేగంగా వెళ్లిపోతుంది. ఒక్కోసారి అదీ ఉండదు.

మన భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ పని. స్క్రీన్ మీద ఏదీ కనిపించదు, అది లేకపోతే స్క్రీన్ మీద ఏమీ ఉండదు.

పదహారు, పదిహేడు మంది ఉన్న బిగ్ బ్యాండ్‌లో ఈ పని ఇంకా ముఖ్యం. అంతమంది ఒకేసారి ఇష్టం వచ్చినట్టు వాయిస్తే అది సంతే. ఎవరు ఎప్పుడు ఆగాలో కూడా రాయాలి. మెల్బా ఈ పనిలో దిట్ట.

1949 ప్రాంతంలో డిజ్జీ గిలెస్పీ ఆమెను తన బ్యాండ్‌లోకి తీసుకున్నాడు. బీబాప్ అనే కొత్త రకం జాజ్‌ని చార్లీ పార్కర్‌తో కలిసి నిలబెట్టిన ట్రంపెట్ వాద్యకారుడు ఈయన. ఆ బ్యాండ్‌లో అప్పుడు జాన్ కోల్‌ట్రేన్, జాన్ లూయిస్, పాల్ గొన్‌సాల్వెస్ లాంటివాళ్లున్నారు. అంతదూరం కాలిఫోర్నియా నుంచి ఒక ఆడమనిషిని పిలిపించడం ఏమిటని బ్యాండ్‌లో కొందరు చాలా మోటుగా గొణిగారు. గిలెస్పీ వాళ్లతో వాదించలేదు. ఆమె తెచ్చిన అరేంజ్‌మెంట్ తీసి అందరి ముందూ పెట్టించి వాయించమన్నాడు. మొదటిసారి వాళ్ల వల్ల కాలేదు, తడబడ్డారు. ఆమెను ఎందుకు పిలిచాడో అప్పుడు అర్థమైందా అన్నట్టు చూశాడట. ఆ తర్వాత గొణుగుడు తగ్గింది. ఈ కథ మెల్బానే తర్వాత చెప్పుకొచ్చింది.

చదవడానికి బావుంటుంది, సినిమా సీన్‌లాగా. కానీ గొణిగినవాళ్లలో ఎవరూ మొదటి రోజు తమను తాము నిరూపించుకోవాల్సిన అవసరం రాలేదు. ఆమెకి వచ్చింది. మన క్లాసుల్లో కూడా ప్రాజెక్ట్ టీమ్‌లో అమ్మాయికి కోడింగ్ వదిలేసి పీపీటీ, రిపోర్టు అప్పజెప్పే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే ఇది పాత కథేనని తెలుస్తుంది.

రోడ్డు, ఆకలి, గుమాస్తా ఉద్యోగం

1949లోనే బిల్లీ హాలిడేతో కలిసి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో టూర్‌కి వెళ్లింది. బిల్లీ హాలిడే అప్పటికే గొప్ప గాయని. అయినా టూర్ దెబ్బతింది. జనం డాన్స్ చేయడానికి వచ్చారు, వీళ్ల సంగీతం వినడానికి కూర్చోవాల్సినది. హాళ్లు నిండలేదు. డబ్బులైపోయి బ్యాండ్ మధ్యలో చిక్కుకుపోయింది. నల్లవాళ్లకి హోటల్లో గది, రెస్టారెంట్లో తిండి దొరకని రోజులు, రాష్ట్రాలు అవి. ఆడమనిషికి ఇంకో భయం కూడా ఉంది. ఆ ప్రయాణాల్లో తోటి మగవాళ్ల చేతుల్లో తాను ఎదుర్కొన్న హింస గురించి మెల్బా ముసలితనంలో దాచకుండా చెప్పింది. ఆ వయసులో చెప్పగలిగిన మాటని ఇరవై మూడేళ్లప్పుడు ఎవరికి చెప్పుకోగలిగి ఉండేది?

అలిసిపోయింది. ట్రాంబోన్ పక్కన పెట్టి లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయింది. పరీక్ష రాసి, విద్యా బోర్డులో గుమాస్తాగా చేరింది. కొన్నేళ్లు ఫైళ్లు చూసుకుంది. మధ్యలో హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు కూడా వేసింది. 1955లో వచ్చిన 'ది ప్రాడిగల్' సినిమాలో చేతిలో హార్ప్‌తో కనిపిస్తుంది. 1956 నాటి 'ది టెన్ కమాండ్‌మెంట్స్'లో కూడా ఎక్‌స్ట్రాగా ఉంది. గిలెస్పీ బ్యాండ్‌ని తడబడేలా చేసిన చెయ్యి ఆ కొన్నేళ్లు ఆఫీసు కాగితాలు రాసింది.

మళ్లీ పిలిచింది గిలెస్పీయే. 1956లో అమెరికా విదేశాంగ శాఖ ఒక జాజ్ బ్యాండ్‌ని తమ దేశపు ప్రతినిధులుగా బయటి దేశాలకు పంపాలనుకుంది. ప్రభుత్వం అలా పంపిన మొదటి జాజ్ బ్యాండ్ అదే. బ్యాండ్‌ని కూర్చే పని అప్పటికి ఇరవై మూడేళ్లున్న క్విన్సీ జోన్స్‌ది. తర్వాత మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ప్రొడ్యూస్ చేసిన క్విన్సీ జోన్స్ ఇతనే. మెల్బా ట్రాంబోన్ వాయించింది, అరేంజ్‌మెంట్లు రాసింది. 'స్టెల్లా బై స్టార్‌లైట్', 'మై రెవరీ' ఆ బ్యాండ్ కోసం ఆమె కూర్చినవే.

ఇరాన్‌లోని అబాదాన్, అప్పటి పాకిస్తాన్‌లోని కరాచీ, ఢాకా, సిరియా, లెబనాన్, టర్కీ, యుగోస్లావియా, గ్రీస్... ఇలా సాగింది ప్రయాణం. అదే ఏడాది దక్షిణ అమెరికా కూడా వెళ్లారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చున్న బ్యాండ్‌ని ప్రపంచానికి చూపిస్తున్న ఆ నెలల్లోనే, అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లవాళ్లు బస్సులో ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద బహిష్కరణ ఉద్యమం నడుస్తోంది. ఈ తేడా బ్యాండ్‌లో వాళ్లకి తెలియనిది కాదు. ఇక మెల్బాని చూసి ఆ దేశాల్లో ఆడవాళ్లు చుట్టూ చేరేవాళ్లు. పెళ్లి కాకుండా, ఇంతమంది మగవాళ్లతో, ఇంత దూరం ఎలా వచ్చావని అడిగేవాళ్లు. అమెరికా నల్లవాళ్ల గురించి ఆమెకు చెప్పాలని ఉన్నా, వాళ్లకు ముందు తెలుసుకోవాలనిపించింది ఆమె సంగతే.

ఆ ఒక్క ఆల్బమ్

1958లో ఆమె అందరూ ఆడవాళ్లే ఉన్న ఐదుగురి బ్యాండ్ ఒకటి నడిపింది. న్యూయార్క్‌లోనూ బెర్ముడాలోనూ వాయించారు. ఆ సంవత్సరం డిసెంబర్‌లో ఎం.జి.ఎం. వాళ్ల మెట్రోజాజ్ లేబుల్ కోసం న్యూయార్క్‌లో స్టూడియోకి వెళ్లింది. 1959లో ఆ ఆల్బమ్ విడుదలైంది. పేరు 'మెల్బా లిస్టన్ అండ్ హర్ బోన్స్'. బోన్స్ అంటే ఎముకలు కాదు, ట్రాంబోన్‌కి మ్యుజీషియన్ల ముద్దుపేరు.

మామూలుగా అయితే బ్యాండ్‌లో ట్రంపెట్లు పైన, సాక్సోఫోన్లు మధ్యలో, ట్రాంబోన్లు కింద. ఇక్కడ ఆమె ట్రంపెట్లనీ సాక్సోఫోన్లనీ తీసేసింది. ముందు వరుస అంతా ట్రాంబోన్లే. వెనక డ్రమ్స్, బేస్, ఇంకో వాయిద్యం. రెండు వేర్వేరు జట్లతో రికార్డ్ చేసింది. ఒక జట్టులో కెన్నీ బరెల్ గిటార్, ఇంకో జట్టులో రే బ్రయంట్ పియానో. గిలెస్పీ టూర్‌లో డ్రమ్స్ వాయించిన చార్లీ పర్సిప్ కూడా ఉన్నాడు.

ట్రాంబోన్ల వరుస చూడండి. జిమ్మీ క్లీవ్‌లాండ్, ఎంత వేగమైనా తడబడని చెయ్యి. బెనీ గ్రీన్, వెచ్చటి, నిదానమైన శబ్దం. కౌంట్ బేసీ బ్యాండ్ నుంచి అల్ గ్రే, బెనీ పావెల్. గిలెస్పీ టూర్‌లో ఆమె పక్కన కూర్చున్న ఫ్రాంక్ రిహాక్. ఇరవై ఆరేళ్ల స్లైడ్ హాంప్టన్, అందరూ కుడిచేత్తో జరిపే స్లైడ్‌ని ఎడంచేత్తో జరిపేవాడు. అల్ గ్రే అయితే సింకులో నీళ్లు ఆగిపోయినప్పుడు వాడే రబ్బరు కప్పు లాంటిదాన్ని ట్రాంబోన్ మూతికి అడ్డం పెట్టి, తీసి, దాన్ని మనిషి మాట్లాడినట్టు పలికించేవాడు. అప్పట్లో న్యూయార్క్‌లో ట్రాంబోన్‌కి ఇంతకన్నా మంచి జట్టు కుదరడం కష్టం. వాళ్లందరూ వచ్చి కూర్చుని ఆమె నాయకత్వంలో వాయించారు.

విన్నప్పుడు నాకు ఆశ్చర్యం అనిపించింది ఇదీ. ఒకే వాయిద్యం నాలుగు ఉంటే అంతా ఒకే ముద్దలా వినిపించాలి. అలా వినిపించదు. ట్రాంబోన్ పలికే ఎత్తు మగవాళ్ల గొంతుకి దగ్గరగా ఉంటుంది. నలుగురు వాయిస్తుంటే నలుగురు మగవాళ్లు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఒకడు మెత్తగా, ఒకడు గరగరగా, ఒకడు వెక్కిరిస్తూ. ఎవరు ఎప్పుడు ఆగాలో మాత్రం ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. 'బ్లూస్ మెల్బా' అనే ముక్కలో ఆమె సోలో వినండి. పెద్ద ఆర్భాటం ఉండదు. తొందర ఉండదు. బిడియస్తురాలు మాట్లాడినప్పుడు మాట ఎంత తూకంగా ఉంటుందో అలా ఉంటుంది.

ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది. ఇలా తన పేరు మీద ఇంకో ఆల్బమ్ చేయలేదు.

ఇతరుల పేర్ల మీద

అలాగని ఖాళీగా ఏమీ లేదు. 1959 చివర్లో క్విన్సీ జోన్స్ 'ఫ్రీ అండ్ ఈజీ' అనే సంగీత నాటకం కోసం కూర్చిన బ్యాండ్‌తో యూరప్ వెళ్లింది. నాటకం పారిస్‌లో మూతపడింది. తిరిగి రావడానికి డబ్బుల్లేక బ్యాండ్ నెలల తరబడి యూరప్‌లోనే తిరిగింది. 1961లో బిల్లీ హాలిడే జ్ఞాపకార్థం జానీ గ్రిఫిన్ చేసిన 'వైట్ గార్డెనియా' ఆల్బమ్‌కి అరేంజ్‌మెంట్లు రాసింది. పన్నెండేళ్ల కిందట దక్షిణాదిలో ఆ గాయనితోపాటు చిక్కుకుపోయిన మనిషే ఆ పాటలకి తీగ వాయిద్యాలు కూర్చిందన్నమాట. మిల్ట్ జాక్సన్‌కి రాసింది. మోటౌన్ కంపెనీకి పాప్ పాటలు కూర్చింది.

అన్నిటికన్నా పెద్దది పియానిస్ట్ రాండీ వెస్టన్‌తో స్నేహం. 1950ల చివర్లో మొదలై ఆమె చనిపోయేదాకా సాగింది. ఆయన పియానో మీద ట్యూన్ వాయిస్తే ఆమె దానికి బ్యాండ్ కట్టేది. 1960లో, ఒకే ఏడాదిలో పదిహేడు ఆఫ్రికా దేశాలకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో, ఇద్దరూ కలిసి 'ఉహూరూ ఆఫ్రికా' చేశారు. స్వాహిలీలో ఉహూరూ అంటే స్వాతంత్ర్యం. కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ మాటలు రాశాడు. ఇరవై మందికి పైగా ఉన్న బ్యాండ్‌లో అమెరికా డ్రమ్స్, ఆఫ్రికా డోళ్లు, క్యూబా కాంగాలు ఒకేచోట మోగుతాయి. ఒకదాన్నొకటి మింగేయకుండా అన్నీ వినిపించేలా రాసింది మెల్బా. 1964లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ ఆల్బమ్‌ని నిషేధించింది. కవర్ మీద వెస్టన్ పేరు పెద్దది. ఆయన మాత్రం జీవితాంతం, తన సంగీతంలో ఆమె వాటా ఎంతో అడిగినా అడక్కపోయినా చెప్తూనే ఉన్నాడు.

హార్లెమ్‌లో, బ్రూక్లిన్‌లో పిల్లల ఆర్కెస్ట్రాలతో పనిచేసింది. 1973లో జమైకా వెళ్లి అక్కడి సంగీత పాఠశాలలో దాదాపు ఆరేళ్లు పాఠాలు చెప్పింది. 1979లో, తను పుట్టిన కాన్సస్ సిటీలో జరిగే మహిళా జాజ్ ఉత్సవానికి రమ్మంటే వచ్చింది. 'మెల్బా లిస్టన్ అండ్ కంపెనీ' అని మళ్లీ సొంత బ్యాండ్ పెట్టుకుంది.

1985లో పక్షవాతం వచ్చింది. శరీరం కొంత చచ్చుబడింది. ట్రాంబోన్ వాయించడం అక్కడితో ఆగిపోయింది. చేత్తో నొటేషన్ రాయడం కూడా. వయసు యాభై తొమ్మిది.

మన బ్రాంచ్ వాళ్లు కాసేపు ఆగి చదవాల్సింది ఈ తర్వాతి ముక్క. ఆమె కంప్యూటర్ నేర్చుకుంది. అప్పట్లో అప్పుడప్పుడే వస్తున్న సంగీత సాఫ్ట్‌వేర్ సాయంతో మళ్లీ అరేంజ్‌మెంట్లు రాయడం మొదలుపెట్టింది. 1980ల కంప్యూటర్ అంటే ఎలా ఉండేదో మనకి తెలుసు. చెయ్యి సరిగా కదలని మనిషి ఒక్కో స్వరం ఎక్కిస్తూ, పెద్ద బ్యాండ్‌కి, ఒక్కొక్కరికీ విడివిడిగా రాయడమంటే ఎంత ఓపిక కావాలో ఊహించుకోండి. 1987లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ ఆమెకు జాజ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది. వీల్‌చైర్‌లో ఉంటూనే ఆమె రాండీ వెస్టన్ కోసం 'ద స్పిరిట్స్ ఆఫ్ అవర్ యాన్సెస్టర్స్', 'వాల్కేనో బ్లూస్' ఆల్బమ్‌లకు రాసింది. మొదటిదానిలో ఆమె పాత యజమాని డిజ్జీ గిలెస్పీ కూడా వచ్చి ట్రంపెట్ వాయించాడు.

1999 ఏప్రిల్‌లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఆమెనీ వెస్టన్‌నీ గౌరవిస్తూ వాళ్ల సంగీతంతో పెద్ద కచేరీ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 23న, లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూసింది.

ఒక్క ఆల్బమే ఎందుకు చేసిందన్న ప్రశ్నకి బిడియం ఒక జవాబు, కాలం ఇంకో జవాబు. వెనక కూర్చోవడం ఆమెకి ఇష్టమే. కానీ ముందుకు రమ్మని కుర్చీ వేసినవాళ్లు కూడా ఎక్కువమంది లేరు. రెండూ నిజాలే. ఇష్టంతో వెనక ఉన్న మనిషిని చూసి, ఆమెకు అదే చాలనుకోవడం మిగతావాళ్లకి చాలా సౌకర్యంగా ఉంటుంది. ఈ సెమిస్టర్ ప్రాజెక్ట్ రిపోర్టు మీద పేర్లు రాసేటప్పుడు ఈ సౌకర్యం గురించి ఒకసారి ఆలోచిస్తే బావుంటుంది.

ఆమె చేత్తో రాసిన స్వరాల కాగితాలు చికాగోలోని కొలంబియా కాలేజీకి చేరాయి. ఇప్పుడు ఆమె మీద పరిశోధన చేసేవాళ్లు వాటిలో చూసి, ఏ పాటలో ఏ భాగం ఎవరిదో లెక్క తేలుస్తున్నారు.

వినాలనుకునేవాళ్లకి నా సలహా: ముందు 'మెల్బా లిస్టన్ అండ్ హర్ బోన్స్' మొత్తం, ఇయర్‌ఫోన్స్‌తో. తర్వాత 'ఉహూరూ ఆఫ్రికా'. మొదటిదాంట్లో ఆమె వాయించడం వినండి. రెండోదాంట్లో మిగతా అందరూ వాయిస్తుంటే ఆమె ఎక్కడుందో వెతకండి.